రీడింగు పుస్తకం

కాశీబుగ్గలో మా జీడిపప్పు ఫ్యాక్టరీకి
తెల్ల కారొకటి వచ్చింది.
చప్పుడు లేదు. గేటు దగ్గర కుక్క కూడా లేవలేదు.

మేనేజరు ఢిల్లేశ్వర్రావు గారు
తాళం వేలికి తిప్పుతూ
"వల్లభా, ప్యానెల్ నుంచి ఒక లైను లాగు,
పదహారు ఆంపుల సాకెట్టు పెట్టు" అన్నారు.
ఎలక్ట్రీషియన్ని. లాగేను. పెట్టేను.

పప్పు ఒలిచే ఆడవాళ్లు మజ్జిగ వేళకి
చుట్టూ మూగేరు.
లోలాక్షి వంగి కారు వెనక చూసింది.
"ఏటి బావూ, పొగ్గొట్టం లేదేటి?
మరిది ఎటు కక్కుతాది?"
నవ్వేరందరూ. నేనూ నవ్వేను.
ఆ మాట మాత్రం సాయంత్రం దాకా
ఇన్సులేషన్ టేపు జిగురులా
వేలికి అంటుకునే ఉంది.

నాకో రీడింగు పుస్తకం ఉంది, అట్ట చిరిగినది.
గంటగంటకీ మీటరు చూసి రాయాలి.
బాయిలరు మోటారు ఇంత, గ్రేడింగు బెల్టు ఇంత,
డ్రయ్యరు ఇంత.
చివర కొత్తగా ఒక గడి గీసేను: కారు.

తొమ్మిదికి వచ్చి ప్లగ్గు పెడతారాయన.
తొమ్మిదింబావుకి లైను పోతుంది.
మా ఫీడరు సంగతి మాకు తెలుసు.
వెనక షెడ్డులో జనరేటరు దగ్గుకుంటూ లేస్తుంది.
బాయిలరు బతకాలి, బెల్టు నడవాలి,
వాటి పంక్తిలోనే కూర్చుని
తెల్ల కారూ గుటకలు వేస్తుంది.

లీటరు డీజిలు తాగి మా జనరేటరు
మూడు యూనిట్లు ఇస్తుంది.
యూనిట్టుకి ఏడు కిలోమీటర్లు ఆ కారు.
ఏడు మూళ్లు ఇరవై ఒకటి.
రెండుసార్లు వేసి చూసేను.
మా బావమరిది పాత డీజిలు కారూ అంతే ఇస్తుంది.

పొగ్గొట్టం ఉంది లోలాక్షీ,
షెడ్డు వెనక,
మీ ఆడపడుచు పిక్కలు ఆరబోసే గచ్చు పక్కన.

లైను ఉన్నప్పుడు మాత్రం
ఆ కరెంటు ఎక్కడిది?
తీగకి మొహం ఉండదు.
బొగ్గు మండించి పంపిందీ, ఏరు తిప్పి పంపిందీ
ఒకే తీగలో భుజాలు రాసుకుంటూ వస్తాయి,
కాంప్లెక్సులో బస్సు దిగే జనంలా.
ఎవరిది ఏ ఊరని అడుగుతాం?

మా ఎండ సంగతి వేరు. దాని ఊరు నాకు తెలుసు.
గోడౌను రేకుల మీద సోలారు పలకలు పెట్టి రెండేళ్లు.
పన్నెండున్నరకి అన్నం బెల్లు కొడతారు.
బెల్టు ఆగుతుంది, మోటార్లు ఆగుతాయి,
పైన పలకలు మాత్రం
బెల్లు వినపడని కూలీల్లా చేస్తూనే ఉంటాయి.
ఆ గంట కరెంటు
తాగే నోరు లేక వీధి తీగలోకి పోతుంది.
అదీ కారు తాగాల్సిన వేళ.
తొమ్మిదికి కాదు.
ఇంటికెళ్లి రాత్రి పదికి అసలే కాదు.

చెప్పేను. "చూద్దాంలే" అన్నారు.
మళ్లీ చెప్పేను. "నీ పని నువ్వు చూసుకో" అన్నారు.
నా పనే చూసుకున్నాను.
ఒక రిలే, ఒక టైమరు, రెండు మూరల వైరు.
జనరేటరు లేస్తే కారు లైను పడిపోతుంది.
బెల్లు వేళకి, లైనుంటే, మళ్లీ లేస్తుంది.

ఆ రోజు లైను రానే లేదు.
మహేంద్రగిరి వైపు నుంచి వచ్చిన మబ్బు
మా రేకుల మీదే కూర్చుంది.
ఆరింటికి కారులో ఐదు శాతం.
ఆయన ఇల్లు టెక్కలి.

తిట్టేరు. బాగానే తిట్టేరు.
స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను.
ఆఖరికి బస్సు దాకా ఆడవాళ్ల ఆటో ఎక్కేరు.
పన్నెండుమంది, వాళ్ల క్యారేజీలు, జీడిచమురు వాసన,
డ్రైవరు పక్కన సగం సీటు మీద మేనేజరు గారు.
డీజిలు ఆటోయే. నల్లగా కక్కుతూ కదిలింది.
అయినా ఆ లీటరుని అంతమందికీ పంచి చూడండి.
నా పుస్తకంలో ఆ గడి
ఇంతవరకూ గీయనేలేదు.

మర్నాడు బస్సులో వచ్చేరు. నాతో మాటల్లేవు.
పన్నెండున్నరకి, బెల్లు మోగేక,
సొంత చేత్తో ప్లగ్గు పెట్టేరు.
ఎండ ఫెళ్లున కాస్తోంది.

ఇంకో సంగతి రాయాలి.
ఆటో ఎక్కే తొందరలో ఎవరో ఆనుకున్నారు,
కారు తలుపు మీద నాలుగు వేళ్ల గుర్తు.
జీడిచమురు నలుపు.
సబ్బుకి పోలేదు. పెట్రోలుకి పోలేదు.

"ఎవర్దిది?" అన్నారు షెడ్డు గుమ్మంలో నిలబడి.
ముప్ఫైమంది చేతులు చాపేరు.
అన్నీ అవే వేళ్లు.